చట్టం పోయింది... అనుమానం పోలేదు!

సరిహద్దు ఠాణాల్లో ‘కేడీ’ల జాబితా తిరగేసేదెవరు? లెక్క అడిగేదెవరు?

వల్లూరు (పావగడ తాలూకా): ఊరి పొలిమేరలో నిలబడి చూస్తే కనుచూపు మేరా నల్లటి పలకలే. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు... ఈ ఐదు ఊళ్ల పొలాల్లో 13 వేల ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు ఇది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లకు చేరింది. వేరుశనగ వేసి వాన కోసం మొగులు చూసిన రైతు ఎకరాకు మొదట్లో ఏడాదికి 21 వేల రూపాయల లెక్కన కౌలు తీసుకున్నాడు. భూమి ఉన్నవాడి సంగతి అది. భూమి లేనివాడికి కౌలు లేదు. ఈతాకు కోసుకుని బుట్టలల్లేవాడికి, పందులు కాసుకునేవాడికి, గాడిద మీద సామాను వేసుకుని ఊరూరా తిరిగేవాడికి దక్కింది కంచె ఒక్కటే.

ఒక రాత్రి ఆ కంచె లోపల రాగి కేబుల్ పోయిందనుకుందాం. నిజంగా పోయిందని కాదు, ఊరికే అనుకుందాం. తెల్లారేసరికి జీపు ఎక్కడికి పోతుంది? కంపెనీ కాంట్రాక్టరు ఇంటికా? పాత సామాన్ల వ్యాపారి గోడౌన్‌కా? ఊరి చివర గుడిసెల దగ్గరికా? ఈ ప్రశ్నకు పావగడలోనూ, పక్కనున్న మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గంలోనూ ఎవరిని అడిగినా జవాబు ఒకటే వస్తుంది. చదువుకున్నవాడూ అదే చెబుతాడు, చదువు రానివాడూ అదే చెబుతాడు. ఎవరికీ అందులో తప్పు కనిపించకపోవడమే అసలు తప్పు.

మనిషి చేసిన పనిని బట్టి కాకుండా పుట్టుకను బట్టి, కులాన్ని బట్టి, రంగును బట్టి పోలీసు అనుమానించడాన్ని అమెరికాలో ‘రేషియల్ ప్రొఫైలింగ్’ అంటారు. దాన్ని ఆపేందుకు అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వమే సలహా బోర్డులు పెట్టింది. మన దగ్గర ఆ మాట కొత్త. ఆ పని మాత్రం 150 ఏళ్ల పాతది. పైగా చట్టం చేసి, రిజిస్టర్ పెట్టి, వేలిముద్రలు తీసి మరీ చేసిన పని.

గీత దాటితే కులం పేరు మారుతుంది

పావగడకు మూడు వైపులా ఆంధ్రే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. సంబంధాలు అటూ ఇటూ. పావగడ పెళ్లికూతురు మడకశిర కోడలవుతుంది, హిందూపురం పిల్ల పావగడకు వస్తుంది. మనుషులకు లేని గీత కాగితాల్లో మాత్రం ఉంది.

ఆంధ్రలో ఎరుకల వాళ్లు షెడ్యూల్డ్ తెగ. ఆ పద్దులోనే కొరచ, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల అన్న పేర్లు కూడా ఉన్నాయి. గీత దాటి కర్ణాటకలోకి వస్తే కొరమ, కొరచ షెడ్యూల్డ్ కులాలు. అంటే ‘కొరచ’ అన్న ఒకే పేరు ఒక పక్క ఎస్టీ, ఇంకో పక్క ఎస్సీ! లంబాడీలదీ ఇదే తంతు. ఆంధ్రలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ. తమిళనాడుకు పోతే ఈ జనమే కొరవలు, కురవర్లు. బుట్ట అల్లే చెయ్యి ఒకటే, ఎరుక చెప్పే సోది ఒకటే. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన జాబితా రాసుకుంది. బిడ్డ చదువుకు సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు ఈ గీత కొండంత అడ్డం.

విచిత్రం ఏమిటంటే అనుమానానికి మాత్రం గీత అడ్డం రాదు. దొంగతనం హిందూపురంలో జరిగినా, తుమకూరులో జరిగినా ‘పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల పని’ అనడం ఇద్దరికీ సులువు. ఈ పక్క పీఎస్‌ఐ ఆ పక్కకు చూస్తాడు, ఆ పక్క ఎస్‌ఐ ఈ పక్కకు చూస్తాడు. మధ్యలో సంత నుంచి సంతకు తిరిగేవాడు ఇద్దరి చేతికీ దొరుకుతాడు. 2005 ఫిబ్రవరిలో ఇదే తాలూకాలోని వెంకటమ్మనహళ్లిలో కేఎస్‌ఆర్‌పీ శిబిరం మీద నక్సలైట్లు దాడి చేసి పోలీసులను చంపిన సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు. అంత ఘోరం జరిగాక తనిఖీలు పెరగడం సహజం. కాకపోతే ఏ తనిఖీ అయినా ముందు తగిలేది చిరునామా లేనివాడికే.

ఉప్పు మోసినవాళ్లు దొంగలైన వైనం

రైలు రాకముందు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు రాయలసీమకు, మైసూరు సీమకు ఎట్లా వచ్చేది? ఎద్దుల మీద, గాడిదల మీద. మోసుకొచ్చింది ఎవరు? లంబాడీలు, ఎరుకలవాళ్లు. ‘ఉప్పు ఎరుకల’ అన్న పేరు అట్లా వచ్చిందే. వెళ్లేటప్పుడు ధాన్యం, వచ్చేటప్పుడు ఉప్పు. దొంగల బ్రతుకు కాదది, వర్తకం. ఊరు వాళ్ల రాక కోసం ఎదురు చూసేది.

రైలు పట్టాలు పడ్డాయి. ఉప్పు మీద కంపెనీ, ఆ తర్వాత దొరల సర్కారు పట్టు బిగించాయి. అడవి చట్టాలు వచ్చి వెదురు మీద, ఈత మీద ఆంక్షలు పెట్టాయి. పైన 1876-78 నాటి మహా కరువు. ఈ సీమలో ఆ కరువు ఎన్ని ఊళ్లను తుడిచిపెట్టిందో పెద్దల నోట వినే ఉంటారు. పని పోయిన సంచారి రోడ్డు మీద మిగిలాడు. రోడ్డు మీద ఉన్నవాణ్ని చూస్తే సర్కారుకు అనుమానం. ఈ కథను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రికార్డుల ఆధారంగా వివరంగా రాశారు.

1871లో ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. కంసాలి కొడుకు కంసాలి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది ఆ చట్టం చేసినవారి తర్కం. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. అంటే అనంతపురం జిల్లాకూ వచ్చింది. చుట్టూ మద్రాసు సీమ, మధ్యలో మైసూరు సంస్థానపు పావగడ. ఆ సంస్థానమూ ఇలాంటి చట్టమే చేసుకుంది కాబట్టి గీత దాటినా తప్పించుకునే దారి లేదు.

చట్టం పనిచేసే తీరు చూడండి. సర్కారు ఒక కులాన్ని ‘నేర జాతి’ అని గెజిట్‌లో వేస్తుంది. అది తప్పని కోర్టుకు పోవడానికి వీల్లేదు. పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి, వేలిముద్రలు తీస్తారు. రాత్రి పూట హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా చుట్టాలింటికి పోయినా నేరమే. ఏ దొంగతనమూ చేయకుండానే దొంగ!

కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. మద్రాసు సర్కారులో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరైంది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంటు, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం. కన్నడ సీమలో హుబ్బళ్లి, గదగ్, బిజాపూర్‌లవి బొంబాయి రాజధాని కింద ఉండేవి. స్టువర్టుపురం నుంచి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు వెళ్లారు. సంస్కరణ పేరు చెప్పి చవకగా మనుషులను పనికి పంపినట్టయింది.

మనవాళ్లే కొట్టేశారు... ఇంకోటి పెట్టారు

ఈ చట్టాన్ని ఎత్తేయించడంలో తెలుగువాళ్ల పాత్ర పెద్దది. ఇది మన పిల్లల పాఠాల్లో కనపడదు. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఎరుకల కోసం జీవితం ధారపోశారు. ఆ చట్టం పోవాలని పట్టుబట్టినవారిలో ఆయన ముందు వరుస. మద్రాసు ప్రభుత్వం 1947లోనే దాన్ని రద్దు చేసింది. ఢిల్లీలో 1949లో విచారణ కమిటీ వేస్తే దానికి అధ్యక్షుడు తిరుచానూరు వాస్తవ్యులు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ తర్వాత లోక్‌సభ స్పీకర్ అయ్యింది ఆయనే. ఈ చట్టం ఉండరాదని కమిటీ తేల్చింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. 20 లక్షల మందికి పైగా జనం ఆ రోజు ‘విముక్త జాతులు’ అయ్యారు. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకు వీళ్లకు వచ్చింది.

అయితే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. కులంతో సంబంధం లేకుండా, అలవాటుగా నేరం చేసేవాళ్ల కోసం చట్టం ఉండాలని. మాట న్యాయంగానే ఉంది. కర్ణాటక 1961లో, ఆంధ్రప్రదేశ్ 1962లో హాబిచ్యువల్ అఫెండర్స్ యాక్టులు చేసుకున్నాయి. వీటిలో ఏ కులం పేరూ ఉండదు. చట్టంలో లేదు సరే, ఠాణాలో పాత రిజిస్టర్ తిరగేసే చేతికి అలవాటు పోవద్దా? తాత పేరున్న పుట పక్కనే తండ్రి పేరు, తండ్రి పేరు పక్కన కొడుకు పేరు... అలా ఎక్కుతూ పోతే చట్టం మారినట్టు వాడికి తెలిసేదెట్లా?

మన నోట నానే ‘కేడీ’ అన్న తిట్టు ఎక్కడిదో తెలుసా? పోలీసు పరిభాషలో ‘నోన్ డెప్రిడేటర్’... తెలిసిన దోపిడీగాడు అని. ఇంగ్లీషులో ఆ రెండు మాటల మొదటి అక్షరాలే కేడీ. అల్లరి పిల్లాణ్ని ముద్దుగా ‘వీడు పెద్ద కేడీరా’ అంటాం. అదే మాట ఒకరింట్లో తలుపు కొట్టే చప్పుడు.

రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు కొట్టడం తప్పని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. 1980లో మలక్ సింగ్ కేసులో తెలుగు న్యాయమూర్తి ఓ.చిన్నపరెడ్డి రాసిన తీర్పు, నిఘాకు హద్దులు గీసింది. నిఘా పెట్టాలంటే సహేతుకమైన కారణం ఉండాలి, అది మనిషి గౌరవాన్ని, స్వేచ్ఛను తొక్కేసేదిగా ఉండకూడదు. ఈ తీర్పులు వచ్చి ఎన్నేళ్లయింది? లెక్కేసుకోండి.

కమిషన్ల మీద కమిషన్లు

1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అన్న విముక్త జాతి యువకుడు పోలీసు, జైలు నిర్బంధంలో చనిపోయాడు. రచయిత్రి మహాశ్వేతాదేవి పూనుకోవడంతో అది కలకత్తా హైకోర్టుకెక్కింది. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీ, లక్ష్మణ్ గాయక్వాడ్ కలిసి విముక్త జాతుల హక్కుల బృందం పెట్టారు. వాళ్లు తలుపు తట్టాకే జాతీయ మానవ హక్కుల సంఘం ఒక సలహా బృందాన్ని వేసింది. హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలను ఎత్తేయాలని 2000లో ఆ సంఘం నుంచి సిఫార్సు వచ్చింది. ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2007లో అదే మాట చెప్పింది.

ఆ తర్వాత వరస చూడండి. 2006లో సాంకేతిక సలహా బృందం. అదే ఏడాది బాలకృష్ణ రెణ్కే కమిషన్, 2008లో నివేదిక. 2015లో భీకూ రామ్‌జీ ఇదాతే కమిషన్. దేశంలో విముక్త, సంచార, అర్ధ సంచార జాతులు 1,200కు పైగా ఉన్నాయని అది తేల్చింది. 2019లో కేంద్రం ఈ జాతుల అభివృద్ధి, సంక్షేమ బోర్డు పెట్టింది. 2022లో ‘సీడ్’ పథకం వచ్చింది. ఐదేళ్లకు 200 కోట్లు. కోచింగు, ఆరోగ్య బీమా, ఇల్లు, జీవనోపాధి.

చెడ్డవా ఇవి? కావు. ఇల్లు కావాలి, చదువు కావాలి. కానీ ఈ వరసలో ఒక ఖాళీ ఉంది. ఈ బోర్డు సంక్షేమ శాఖ కింద ఉంది. దాని పని పథకాలు పంచడం. ‘పోయినేడు మీ ఠాణాకు ఎంతమందిని పిలిపించారు? అందులో ఫలానా కులంవారు ఎంతమంది? ఎంతమంది మీద కేసు నిలబడింది?’ అని ఎస్పీని అడిగి, వచ్చిన అంకెలను ఏటా జనం ముందు పెట్టే పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు. ఇల్లు కట్టించేవాడు ఉన్నాడు. ఆ ఇంటి తలుపు అర్ధరాత్రి ఎందుకు కొట్టారని అడిగేవాడు లేడు.

పోలీసు ఫిర్యాదుల ప్రాధికారాలు ఉన్నాయి కదా అంటారు. నిజమే. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రానికి ఒకటి, జిల్లాకు ఒకటి పెట్టమంది. కర్ణాటక 2012లో పోలీసు చట్టం సవరించి వీటికి చోటిచ్చింది. అయితే అక్కడ ఫిర్యాదు ఇచ్చేవాడు ఉండాలి. ఠాణా పేరు చెబితే ఊరొదిలి పోయేవాడు తుమకూరు దాకా వెళ్లి పోలీసు మీద కాగితం పెడతాడా? ఒక్కో ఫిర్యాదు విని తీర్పు చెప్పడం ఒక పని. మొత్తం మీద ఏం జరుగుతోందో అంకెల్లో చూడటం ఇంకో పని. ఆ రెండో పనికి మన దగ్గర కుర్చీయే లేదు.

కాలిఫోర్నియాలో లెక్క చెప్పాల్సిందే

మన సీమ పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పోయే కాలిఫోర్నియానే తీసుకుందాం. అక్కడ పోలీసు ఆపితే నల్లజాతివాడికి ఒక రకం, తెల్లవాడికి ఒక రకం అన్న ఆరోపణ దశాబ్దాల నాటిది. ‘అట్లాంటిదేమీ లేదు’ అని పోలీసులు, ‘మా ఒంటికి తెలుసు’ అని జనం. ఎవరిది నిజం? అంకెలు లేవు. 2015లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. రాష్ట్ర అటార్నీ జనరల్ కింద ఒక సలహా బోర్డు ఏర్పాటైంది. ‘జాతి, గుర్తింపు ఆధారంగా అనుమానించడం’పై సలహా బోర్డు అని దాని పేరు. అందులో పోలీసుల ప్రతినిధులున్నారు, పేదల తరఫున వాదించే సర్కారీ లాయరుకు చోటుంది, పౌరహక్కుల సంఘాలవాళ్లు, మతబోధకులు ఉన్నారు. పోలీసులను బయట కూర్చోబెట్టి తిట్టే బోర్డు కాదు, వాళ్లనూ కూర్చోబెట్టుకున్న బోర్డు.

పని చాలా సాదా. పోలీసు ఎవరినైనా ఆపిన ప్రతిసారీ ఒక ఫారం నింపాలి. ఎందుకు ఆపావు? ఆ మనిషి నీ కంటికి ఏ జాతివాడుగా కనిపించాడు? సోదా చేశావా? ఏం దొరికింది? వదిలేశావా, పట్టుకున్నావా? ఆ మనిషినే ‘నీ జాతి ఏది’ అని అడగకూడదు. పోలీసు కంటికి ఏమనిపించిందో అదే రాయాలి. ఎందుకంటే అనుమానం పుట్టేది కంట్లోనే కదా!

2018 రెండో సగంలో ఎనిమిది పెద్ద పోలీసు సంస్థల లెక్క తీస్తే 18 లక్షల ఆపివేతలు తేలాయి. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతివారిని సోదా చేసిన రేటు దాదాపు మూడింతలు. సరుకు దొరికింది మాత్రం తెల్లవాళ్లను సోదా చేసినప్పుడే ఎక్కువ శాతం! 2022 లెక్కలో రాష్ట్రం మొత్తం మీద 45 లక్షల పైచిలుకు ఆపివేతలు. జనాభాలో ఐదు శాతం చిల్లర ఉన్న నల్లజాతివారు, ఆపినవారిలో 12 శాతం పైన ఉన్నారు.

బోర్డు ఎవరినీ సస్పెండ్ చేయలేదు, చేయలేదు కూడా. దానికి ఆ అధికారం లేదు, సలహా ఇవ్వడం వరకే. పోలీసు సంఘాలు దాని లెక్కలను ఒప్పుకోవు. కంటికి కనిపించిందని రాసిన దాన్ని జనాభా లెక్కతో పోల్చడమేమిటన్నది వాళ్ల అభ్యంతరం. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అయినా ఒక మార్పు వచ్చింది. వాదన ‘ఉందా, లేదా’ నుంచి ‘ఎందుకుంది’ దగ్గరికి జరిగింది. 2024 జనవరి నుంచి ఇంకో చట్టం అమల్లోకి వచ్చింది. వాహనం ఆపిన పోలీసు మిగతా ప్రశ్నలు మొదలుపెట్టకముందే ఎందుకు ఆపాడో చెప్పాలి.

కాలిఫోర్నియాను ఇక్కడికి ఎత్తుకురమ్మని ఎవరూ అనడం లేదు. అక్కడ కారు ఆపుతారు, ఇక్కడ గుడిసె చుట్టుముడతారు. కానీ ఆ ఫారంలో ఉన్న నాలుగు ప్రశ్నలు తెలుగులోనూ, కన్నడలోనూ అడగొచ్చు.

2024లో రెండు తీర్పులు

ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ మీద పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. అందులో ఆయన మైనర్ పిల్లల వివరాలూ ఎక్కాయి. 2024 మే 7న సుప్రీంకోర్టు ఈ కేసులో తీర్పిస్తూ, ఆయన సంగతితో ఆగకుండా దేశం మొత్తాన్ని ముందుకు తెచ్చింది. వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీ, విముక్త జాతుల్లో పుట్టిన అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న సంగతిని ప్రస్తావించింది. పై స్థాయి పోలీసు అధికారి ఒకరు ఎప్పటికప్పుడు ఈ షీట్లను ఆడిట్ చేయాలంది. అన్ని రాష్ట్రాలూ తమ విధానాన్ని ఆరు నెలల్లోగా సరిచూసుకోవాలని చెప్పింది.

అదే ఏడాది అక్టోబర్ 3న ఇంకో తీర్పు. జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసు. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కోర్టు కొట్టేసింది. ‘సంచార జాతి’, ‘నేర జాతి’ వంటి మాటలు జైలు నిబంధనల్లో ఇంకా మిగిలి ఉన్నాయని ఆ కేసులోనే బయటపడింది. అందులో ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలూ ఉన్నాయి! 1952లో పోయిందనుకున్న మాట 2024 దాకా పుస్తకంలో కూర్చుని ఉందన్నమాట. విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయకుండా ముందటి తీర్పుల మార్గదర్శకాలు పాటించాలని పోలీసులకు కోర్టు చెప్పింది.

ఇక ఆడిట్ సంగతి. ఆడిట్ చేసేది పోలీసే, చేయించుకునేది పోలీసే. ఆ కాగితం బయటికి రాకపోతే ఉన్నట్టా, లేనట్టా?

పోలీసు మాటా వినాలి

ఠాణాలో పనిచేసేవాళ్లకూ ఒక వాదన ఉంది. సిబ్బంది తక్కువ, పరిధి ఎక్కువ. సరిహద్దులో రాత్రి దొంగతనం చేసి గంటలో ఇంకో రాష్ట్రానికి దాటిపోతారు. పాత నేరస్తుల కదలికలు చూడకుండా కేసు తేలేదెట్లా? నాలుగుసార్లు శిక్ష పడినవాడి మీద కన్నేయడం తప్పని ఎవరూ అనరు. శిక్ష పడినవాడి మీద కన్నేయడం వేరు, శిక్ష పడినవాడి కులం మీద కన్నేయడం వేరు. పైగా ఊరి చివర గుడిసెల్లో వెతుకుతున్నంతసేపు అసలు దొంగ హాయిగా బస్సెక్కుతాడు. కాలిఫోర్నియా లెక్క చెప్పింది కూడా ఇదే కదా. ఎక్కువ వెతికిన చోట ఎక్కువ దొరకలేదు.

తప్పులో మా పత్రికలకూ వాటా ఉంది. ‘స్టువర్టుపురం దొంగలు’ అని ఎన్ని శీర్షికలు పెట్టాం? ‘పార్థీ గ్యాంగ్ దిగింది’ అని ఎన్నిసార్లు రాశాం? ఒక ఊరి పేరును, ఒక తెగ పేరును నేరానికి ఇంటిపేరు చేశాం. స్టువర్టుపురంలో లవణం, జాషువా కుమార్తె హేమలత లవణం దంపతులు 1970ల నుంచి చేసిన సంస్కరణ కృషి శీర్షికలకు ఎక్కింది తక్కువ. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లు పుట్టినప్పుడు ఏమైంది? ఆ ఏడాది మే నెలలో బెంగళూరు చామరాజపేటలో ఒక రాజస్థానీ యువకుణ్ని జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రాయిన్‌పాడలో నాథపంథీ డవరీ గోసావి అనే సంచార జాతికి చెందిన ఐదుగురిని చంపేశారు. భిక్షాటనకు వచ్చినవాళ్లు వాళ్లు. ఠాణాలో పుట్టిన అనుమానం రచ్చబండ దాకా వస్తే జరిగేది ఇదే.

‘జై భీమ్’ సినిమా 2021లో తెలుగువాళ్లూ చూశారు, కళ్లు తుడుచుకున్నారు. ఆ కథకు మూలమైన 1993 నాటి తమిళనాడు కేసులో చనిపోయిన రాజాకన్ను సినిమాలో చూపినట్టు ఇరుళర్ కాదు, కురవర్. అంటే మన ఎరుకల, కొరచలకు దగ్గరి బంధువు. సినిమాలో చూస్తే కన్నీళ్లు వచ్చాయి. అదే మనిషి బుట్టలు మోసుకుని మన వీధిలోకి వస్తే ‘ఏ ఊరు మీది? ఇక్కడేం పని?’ అంటాం.

మీ ఇంటి తలుపు కొడితే...

గీతకు ఏ పక్కనున్నా ఇవి వర్తిస్తాయి. తెలిసి ఉంటే మంచిది.

ఏడేళ్ల లోపు శిక్ష పడే చాలా నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. ముందు హాజరు కావాలని నోటీసు ఇవ్వొచ్చు. పాత చట్టంలో 41-ఏ నోటీసు అనేవారు, 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 35వ సెక్షన్. సాక్షిగా విచారణకు పిలవాలంటే ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటినవాళ్లను ఠాణాకు రమ్మనకూడదు, వాళ్లున్న చోటికే పోలీసు రావాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కాగితం రాయాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పక్క రాష్ట్రం పోలీసు వచ్చి పట్టుకున్నా ఈ లెక్క మారదు.

లాయరుకు డబ్బు లేదని వెనకాడొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100, దేశమంతా ఒకటే. పేరు హిస్టరీ షీటులో ఉందని తెలిస్తే ఎస్పీకి అర్జీ పెట్టొచ్చు. పోలీసు ఫిర్యాదుల ప్రాధికారానికి, రాష్ట్ర మానవ హక్కుల సంఘానికి పోవచ్చు. అర్జీలో 2024 మే 7 నాటి తీర్పు తేదీ రాయడం మరిచిపోవద్దు.

చదువుకున్న కుర్రాళ్లకు ఇంకో పని. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో తుమకూరు ఎస్పీ కార్యాలయానికో, పుట్టపర్తిలోని సత్యసాయి జిల్లా ఎస్పీ కార్యాలయానికో ఒక దరఖాస్తు పంపొచ్చు. మనుషుల పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. ఒక్కో ఠాణాలో తెరిచి ఉన్న హిస్టరీ షీట్లు ఎన్ని? అందులో ఎస్సీలు, ఎస్టీలు, విముక్త జాతులవాళ్లు ఎంతమంది? ఒక్క శిక్ష కూడా పడకుండా షీటులో ఉన్నవాళ్లెందరు? సుప్రీంకోర్టు చెప్పిన ఆడిట్ చివరిసారి ఏ తేదీన జరిగింది, ఎన్ని షీట్లు మూసేశారు? జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటకకు కన్నడలో, ఆంధ్రకు తెలుగులో రాస్తే చాలు.